పాడైన డ్రిల్లింగ్ మిషన్‌ను వీడియో చూసి ఇంట్లోనే బాగుచేసుకోవడం: మొదటి నుంచి చివరి దాకా

"వీడియోలో పది నిమిషాల్లో అయిపోయింది. నేను విప్పితే మళ్లీ బిగించలేకపోయాను." డ్రిల్లింగ్ మిషన్ గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది మాట ఇదే. తప్పు వాళ్ల చేతుల్లో లేదు, పనిచేసిన వరసలో ఉంది. జబ్బేమిటో తెలియకుండా విప్పడం, విప్పాక వీడియో వెతకడం. ఈ రెండూ తిరగేస్తే సగం పని అయినట్టే.

ఇక్కడ చెప్పేదంతా మన ఇళ్లలో ఉండే, 10 లేదా 13 ఎం.ఎం. దాకా బిట్ పట్టే, వైరున్న డ్రిల్ గురించి. బ్యాటరీ డ్రిల్‌కు ఇది వర్తించదు. దాని లిథియం ప్యాక్‌ను ఇంట్లో విప్పకండి, మంట అంటుకునే ప్రమాదం ఉంది.

## 1. ఇది మీరు చేయదగ్గ పనేనా?

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో విప్పొద్దు:

- వారంటీ ఇంకా ఉంది (విప్పితే సాధారణంగా అది పోతుంది)
- మిషన్ నీళ్లలో పడింది
- వార్నిష్ మాడిన ఘాటు వాసన వచ్చి, పొగ వచ్చింది
- పైన ప్లాస్టిక్ బాడీ పగిలింది
- ముట్టుకుంటే షాక్ కొట్టింది

మిగతావాటిలో ఎక్కువభాగం, అంటే కార్బన్లు (మోటారుకు కరెంటు అందించే చిన్న ముక్కలు) అరగడం, వైరు లోపల తెగడం, స్విచ్ పోవడం, గ్రీజు ఎండిపోవడం, ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోగలిగినవే.

## 2. స్క్రూ ముట్టుకోకముందే జబ్బు కనిపెట్టండి

ముందు అదే ప్లగ్ పాయింట్‌లో ఫోన్ చార్జరో టేబుల్ ఫ్యానో పెట్టి చూడండి. కరెంటే రాని పాయింట్‌లో పెట్టి మిషన్ పోయిందనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

తర్వాత మిషన్ ఏం చెబుతోందో వినండి.

అసలు చప్పుడే లేదు: వైరు తెగి ఉండొచ్చు, స్విచ్ పోయి ఉండొచ్చు, కార్బన్లు పూర్తిగా అరిగి ఉండొచ్చు. ట్రిగ్గర్ నొక్కి పట్టి, పిడి దగ్గర వైరు లోపలికి వెళ్లే చోట అటూ ఇటూ వంచండి. ఒక్క క్షణం తిరిగి ఆగితే తెగింది అక్కడే. వైరున్న పనిముట్లలో అన్నిటికంటే ఎక్కువగా తెగే చోటు అదే.

ఆగి ఆగి తిరుగుతోంది, తడితే తిరుగుతోంది: దాదాపుగా కార్బన్లే.

లోపల పెద్ద మెరుపులు, వేగం తగ్గింది: కార్బన్లు గానీ కమ్యుటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల చక్రం) గానీ. మెరుపు చిన్నగా, నీలంగా ఉంటే అది మామూలే. నిప్పు చక్రంలా చుట్టూ తిరుగుతుంటే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) కాయిల్ షార్టు అయి ఉండొచ్చు.

మోటారు శబ్దం వస్తోంది, చక్ (బిట్‌ను పట్టుకునే ముందు భాగం) తిరగడం లేదు: గేరు పళ్లు పోయాయి.

కీచుమని అరుపు, ఊగుడు: బేరింగ్.

ట్రిగ్గర్ కొంచెం నొక్కినా పూర్తి వేగంతో పోతోంది: స్పీడ్ కంట్రోల్ స్విచ్ పోయింది. మోటారుకు ఏమీ కాలేదు.

ఒకవైపే తిరుగుతోంది: ఫార్వర్డ్-రివర్స్ మీట దగ్గర కాంటాక్టులు చూడాలి.

ఈ వరసలో మీ మిషన్‌ది ఏదో ఒక కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. వీడియో వెతకాల్సింది ఆ వాక్యంతోనే. ఊరికే "డ్రిల్ రిపేర్" అని కొడితే ఎవరి జబ్బుకో మందు మీ మిషన్‌కు వేసుకున్నట్టవుతుంది.

## 3. సరైన వీడియో వెతకడం

బాడీ మీద అంటించిన ప్లేటు చూడండి. కంపెనీ పేరు, మోడల్ నంబరు, ఓల్టులు, వాట్లు అక్కడ ఉంటాయి. మోడల్ నంబరు, దాని పక్కన జబ్బు, రెండూ ఇంగ్లీషులో టైప్ చేయండి. దొరకకపోతే మోడల్ నంబరుతో పార్ట్స్ డయాగ్రమ్ వెతకండి. భాగాలన్నీ విడదీసి వరసగా గీసిన బొమ్మ అది. ఒక్కోసారి వీడియో కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే చిన్న వాషర్ కూడా అందులో దాక్కోదు.

మీ మోడల్‌దే దొరక్కపోతే అదే కంపెనీ పక్క మోడల్ చూడండి. భాష గురించి దిగులు వద్దు. మన దేశంలో అమ్మే మోడళ్లకు హిందీలో మంచి వీడియోలు ఉంటాయి, చేతులు చూపించేది అందరికీ అర్థమవుతుంది. కానీ ఒక్క వీడియోనే నమ్మకండి. ఇద్దరు వేర్వేరు మనుషులు అదే పని చేయడం చూడండి. ఇద్దరూ ఒకేలా చేసిన చోట ధైర్యంగా చేయొచ్చు. తేడా వచ్చిన చోట ఆగి, ఎందుకో కనుక్కోవాలి.

ఇలాంటి వీడియోలు పక్కన పెట్టేయండి:

- ప్లగ్ పెట్టి ఉండగానే లోపల వేలు పెట్టేవి
- స్విచ్ తీసేసి వైర్లు నేరుగా కలిపేవి
- మోటారు మీద పెట్రోలు, లేదా ఏ నూనె స్ప్రే అయినా కొట్టేవి
- విప్పడం చూపించి, బిగించడం కత్తిరించేసినవి
- పాట పెట్టి, మొత్తం వేగంగా పరుగెత్తించినవి

వైర్ల రంగుల విషయంలో చాలా జాగ్రత్త. అమెరికా వీడియోల్లో నల్ల వైరు ఫేజ్ (కరెంటు వచ్చేది), తెల్లది న్యూట్రల్ (తిరిగి వెళ్లేది). మన పాత వైరింగ్‌లో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్. కొత్త పద్ధతిలో గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్. మిషన్ లోపల అయితే కంపెనీని బట్టి రంగులు మారతాయి. అందుకే రంగు చూసి వైరు కలపొద్దు, ఏ స్క్రూ కింద ఉన్నది ఆ స్క్రూ కిందకే వెళ్లాలి.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన డ్రిల్ అయితే ప్లేటు మీద 120 ఓల్టులు అని ఉంటుంది. దాన్ని మన 230 ఓల్టుల ప్లగ్‌లో నేరుగా పెట్టడం వల్లే కాలిపోయి ఉంటే కార్బన్లు మార్చి లాభం లేదు. బాగున్నదైతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ (ఓల్టులు తగ్గించే పెట్టె) ఉండాల్సిందే.

## 4. వీడియో మూడుసార్లు చూడండి

మొదటిసారి చేతిలో ఏమీ లేకుండా, చివరి దాకా. పని ఎంత పెద్దదో తెలియడానికి.

రెండోసారి కాగితం, పెన్నుతో. ఏ నిమిషం దగ్గర ఏం విప్పాడో రాయండి. స్ప్రింగు బయటికొచ్చే చోటు, వైరు తిరిగి వెళ్లే దారి, వాషర్ ఏ వైపు చూస్తోంది, ఈ మూడు చోట్లా వేగం 0.5కి తగ్గించి చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. నెట్ ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే మధ్యలో ఇబ్బంది ఉండదు.

మూడోసారి పని చేస్తూ, ఒక్కో అడుగు దగ్గర ఆపుకుంటూ. ఫోన్‌ను చెంబుకో డబ్బాకో ఆనించి పెట్టండి. చేతులు గ్రీజుతో ఉంటాయి కాబట్టి ఆపడానికి పక్కన ఎవరైనా ఉంటే ఇంకా మంచిది.

మీ మిషన్ వీడియోలోని దానిలా లేదని ఎక్కడ అనిపించినా ఆగండి. అక్కడ మీ మిషన్‌నే నమ్మాలి.

## 5. దగ్గర పెట్టుకోవాల్సినవి

- స్క్రూ తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్లు (చాలా మిషన్లకు ఆరు మొనల టార్క్స్ బిట్ కావాలి, ఎక్కువగా టి20 లేదా టి15)
- మల్టీమీటర్ (ఓల్టులు, ఓమ్స్ అంటే కరెంటుకు ఉన్న అడ్డు కొలిచేది; కింద మీటర్ అన్నది దీన్నే)
- పాత టూత్‌బ్రష్, పొడి గుడ్డ, ఇయర్ బడ్స్
- ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ద్రావకం (మొబైల్ రిపేర్ షాపుల్లో వాడేది)
- గేరు గ్రీజు లేదా లిథియం గ్రీజు
- అట్టముక్క, మార్కర్
- కళ్లద్దాలు

సరిపోని స్క్రూడ్రైవర్‌తో మొదలుపెట్టకండి. స్క్రూ తల అరిగిపోతే రిపేర్ అక్కడే ఆగిపోతుంది. బిట్ తెచ్చుకునే దాకా ఒక రోజు ఆగడం మేలు.

## 6. విప్పడం

ప్లగ్ పీకి, ఆ ప్లగ్‌ను మీ కళ్ల ముందు టేబుల్ మీద పెట్టండి. గోడ స్విచ్ ఆపితే చాలదు. కొన్ని బోర్డుల్లో స్విచ్ న్యూట్రల్ మీద ఉంటుంది, ఆపినా ఫేజ్ లోపలికి వస్తూనే ఉంటుంది. ప్లగ్ తీశాక ట్రిగ్గర్ ఒకసారి నొక్కి వదలండి. డ్రిల్ బిట్ తీసేయండి.

అట్టముక్క మీద మిషన్ బొమ్మ గీయండి. ఏ స్క్రూ ఎక్కడిదో ఆ బొమ్మలో అక్కడే గుచ్చండి. పొడవు స్క్రూ, పొట్టి స్క్రూ తారుమారైతే ప్లాస్టిక్ పగులుతుంది.

కార్బన్ మూతలు బయటే ఉంటే ముందు వాటిని తీసి, కార్బన్లు బయటికి లాగేయాలి. అవి ఉండగా ఆర్మేచర్ లాగితే కార్బన్ల మూలలు విరుగుతాయి.

బాడీ పడుకోబెట్టి, స్క్రూలున్న సగాన్ని నిటారుగా పైకి ఎత్తండి. రాకపోతే ఎక్కడో ఇంకో స్క్రూ మిగిలి ఉంది, చాలాసార్లు స్టిక్కర్ కింద. మేకుతో తెరవడానికి చూడకండి.

తెరిచీ తెరవగానే, ఏదీ ముట్టుకోకముందు, ఫొటో. స్విచ్ దగ్గర వైర్లు మూడు కోణాల్లో తీయండి. వీడియో వేరేవాళ్ల మిషన్‌ది, ఈ ఫొటో మీ మిషన్‌ది. బిగించేటప్పుడు మీకు నిజంగా పనికొచ్చేది ఇదే.

## 7. కార్బన్లు

కార్బన్ బ్రష్ అంటే బలపం ముక్కలాంటిది. వెనక స్ప్రింగు దాన్ని తిరుగుతున్న రాగి పట్టీల మీదకు నొక్కుతూ ఉంటుంది. పలక మీద బలపంలా రోజూ కొంచెం అరుగుతుంది. పొట్టిదయ్యేకొద్దీ స్ప్రింగు బలం తగ్గుతుంది, తగలడం సరిగా ఉండదు, మెరుపులు మొదలవుతాయి.

బయటికి తీసి వెలుతురులో చూడండి. రాగి పట్టీలను తగిలే ముఖం నున్నగా, కొద్దిగా వంపుగా, మెరుస్తూ ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒక మూల విరిగినా, ముఖం గరుకుగా గుంటలు పడినా, వెనక రాగి జడ (అల్లిన తీగ) నల్లగా మాడినా మార్చాలి. పొడవు 5 ఎం.ఎం. దగ్గరికి వచ్చినా మార్చాలి. కొన్నిటి మీద ఎంతవరకు అరగవచ్చో గీత ఉంటుంది. గీత చేరితే ఆలోచించొద్దు.

ఒకటి అరిగినా రెండూ మార్చండి.

కొత్తవి కొనేటప్పుడు పాతవి జేబులో వేసుకుని వెళ్లండి. మందం, వెడల్పు, వెనక జడ, చివర మూత ఆకారం, నాలుగూ కలవాలి. పొడవు అరిగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని చూడకూడదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు రాణిగంజ్‌లో దొరకనిది తక్కువ. మిగతా ఊళ్లలో మోటార్ వైండింగ్ షాపుల్లో అడగండి. పెద్ద కార్బన్ కొని ఆకురాయితో అరగదీసి దూర్చే వీడియోలు చాలా ఉన్నాయి. నేను ఆ పని చేయమని చెప్పను. పక్కలు సమంగా రావు, గూటిలో ఊగుతుంది, కమ్యుటేటర్‌ను తినేస్తుంది. కార్బన్ల జత చవక, ఆర్మేచర్ చవక కాదు.

పెట్టే ముందు కార్బన్ కూర్చునే ఇత్తడి గూటిని ఇయర్ బడ్, ఐపీఏతో తుడవండి. కొత్త కార్బన్ దాని బరువుకే గూటిలో జారాలి. ఇరుక్కుంటే స్ప్రింగు నెట్టలేదు. అరగలేదు కానీ పని చేయడం లేదన్న కార్బన్ల కథ చాలావరకు ఇదే, గూట్లో పొడి గట్టిపడి ఉంటుంది.

స్ప్రింగు తీసేటప్పుడు మిషన్‌నూ మీ చేతులనూ ఒక పెద్ద పారదర్శక కవరులో పెట్టి పని చేయండి. నేను మొదటిసారి విప్పినప్పుడు స్ప్రింగు ఎగిరి బీరువా కిందకు పోయింది. బీరువా జరిపి వెతకడానికి సాయంత్రమంతా పట్టింది. అప్పటినుంచి కవరు లేకుండా స్ప్రింగు ముట్టుకోను.

పాత కార్బన్లే మళ్లీ పెడుతుంటే ఏ వైపుది ఆ వైపే, అదే దిశలో పెట్టాలి. వాటి ముఖం అప్పటికే ఆ వంపుకు అలవాటు పడి ఉంటుంది.

## 8. కమ్యుటేటర్, ఆర్మేచర్

కార్బన్లు నడిచే రాగి పట్టీల చక్రం మీద చాక్లెట్ రంగు పొర ఉంటే అది మంచిదే, గీకేయకండి. నల్లటి మసి ఉంటే ఐపీఏ తడిపిన గుడ్డతో తుడవండి. పోకపోతే 400 లేదా 600 నంబరు అల్యూమినియం ఆక్సైడ్ సాండ్‌పేపర్‌ను చక్రం చుట్టూ పట్టి, ఆర్మేచర్‌ను చేత్తో తిప్పుతూ తేలిగ్గా రుద్దండి. ఎమరీ పేపర్ వద్దు, దాని పొడి పట్టీల మధ్య ఇరుక్కుంటే కరెంటు దాటే ప్రమాదం ఉంది.

పట్టీల మధ్య సందుల్లో పొడిని కొబ్బరి ఈనె మొన చెక్కి మెల్లగా తీయండి. సూది, బ్లేడు వాడితే రాగి గీసుకుపోతుంది.

మీటర్‌తో మూడు పరీక్షలు:

- పక్కపక్క పట్టీల జతలు ఒక్కొక్కటిగా చూస్తూ చుట్టూ తిరగండి. అన్నీ దాదాపు ఒకే ఓమ్స్ చూపాలి. ఒక్కచోట బాగా ఎక్కువైతే కాయిల్ తెగింది, బాగా తక్కువైతే షార్టు.
- ఏ పట్టీకీ నడిమి ఇనుప కడ్డీకీ మధ్య కనెక్షన్ ఉండకూడదు.
- ఫీల్డ్ కాయిళ్లు (బాడీలో కదలకుండా ఉండేవి) రెండూ దాదాపు సమానంగా చూపాలి.

ఒక్కటి తప్పినా అది వైండింగ్ షాపు పని. కాయిల్ ఇంట్లో చుట్టకండి.

## 9. వైరు, స్విచ్

మీటర్‌ను కంటిన్యుటీలో (కనెక్షన్ ఉంటే బీప్ కొట్టే సెట్టింగు) పెట్టి, వైరు ఒక చివర ప్లగ్ పిన్ను, రెండో చివర స్విచ్ స్క్రూ ముట్టించి, వైరును పొడవునా వంచుతూ రండి. బీప్ ఆగిన చోట తెగింది.

పిడి దగ్గర తెగితే ఆ చోటుకు ఇంకో 10, 15 సెంటీమీటర్లు కలిపి కోసేసి, మిగిలిన మంచి వైరునే లోపలికి కలపండి. మధ్యలో తెగితే టేపు చుట్టి అతకొద్దు, వైరు మొత్తం మార్చండి. రబ్బరు బూటు (పిడి దగ్గర వైరును కాపాడే తొడుగు) ముందు వైరుకు ఎక్కించడం మరిచిపోయి, అన్నీ బిగించాక గుర్తొచ్చి మళ్లీ విప్పడం చాలామందికి జరిగేదే. లోపల వైరును పట్టి ఉంచే క్లాంపు తప్పనిసరిగా బిగించాలి. అది లేకపోతే లాగినప్పుడల్లా బరువు స్క్రూల మీద పడి మళ్లీ తెగుతుంది.

చాలా డ్రిల్స్‌కు వైరు రెండు తీగలదే ఉంటుంది, ఎర్త్ ఉండదు. ప్లేటు మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మిషన్, అలాగే ఉండాలి.

స్విచ్‌ను రిపేర్ చేయకండి, మార్చండి. నంబరు దాని మీదే ఉంటుంది. ఒక విషయం గుర్తుంచుకోండి. స్పీడ్ కంట్రోల్ ఉన్న స్విచ్‌ను మీటర్ పెట్టి నొక్కితే బాగున్నా ఏమీ చూపించకపోవచ్చు. దాన్ని చూసి పోయిందనుకుని కొత్తది కొనకండి. ముందు వైరు, కార్బన్లు, కాయిళ్లు బాగున్నాయని తేల్చుకుని, చివరగా స్విచ్‌ను అనుమానించండి.

## 10. గేరు, బేరింగ్, చక్

పాత గ్రీజు గట్టిపడి నల్లగా ఉంటే గుడ్డతో తుడిచి, కొత్తది గేరు పళ్ల మీద పూయండి. గేరు పెట్టెలో మూడో వంతు చాలు. ఎక్కువ నింపితే వేడికి కరిగి కమ్యుటేటర్ మీదకు వస్తుంది. కుట్టు మిషన్‌కు వేసినట్టు కొబ్బరి నూనె వేయకండి, నిలవదు.

బేరింగ్‌ను వేళ్లతో తిప్పండి. ఇసుక ఉన్నట్టు గరగరమంటే మార్చాలి. నంబరు దాని అంచు మీద ఉంటుంది. ఉదాహరణకు 608 అంటే లోపలి రంధ్రం 8, బయట 22, మందం 7 ఎం.ఎం. కొత్తది కడ్డీకి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద మాత్రమే ఒత్తిడి పడాలి. బయటి రింగును కొడితే గోళీలు దెబ్బతింటాయి.

చక్ మార్చాలంటే దవడలు పూర్తిగా తెరిచి లోపలికి చూడండి. రివర్స్ తిరిగే మిషన్లలో అక్కడ ఒక స్క్రూ ఉంటుంది, దానిది ఎడమ మర. గడియారం తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియక రెండో వైపు బలంగా తిప్పి తల విరగ్గొట్టినవాళ్లు ఎంతోమంది.

## 11. మళ్లీ బిగించడం

విప్పిన వరసకు తిరగేసి చేయాలి. పక్కన మీ ఫొటోలు పెట్టుకోండి.

- బేరింగులు వాటి గాళ్లలో పూర్తిగా కూర్చున్నాయా?
- ఏ వైరైనా బాడీ రెండు సగాల మధ్య నలుగుతోందా? ఫ్యాన్ రెక్కకు తగులుతోందా?
- కార్బన్ జడలు దేనికీ తగలకుండా ఉన్నాయా?
- చక్ చేత్తో తిప్పితే ఆర్మేచర్ ఆటంకం లేకుండా తిరుగుతోందా?

బాడీ చేతి ఒత్తిడికే పూర్తిగా మూసుకోవాలి. వెంట్రుక మందం సందు కనిపించినా స్క్రూతో లాగకండి, లోపల ఏదో అడ్డం ఉంది. తెరిచి చూడండి.

ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూను ముందు వెనక్కి తిప్పండి. "టక్" అని పాత మరలో పడుతుంది. అప్పుడు ముందుకు బిగించండి. ఇలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ, నాలుగోసారికి స్క్రూ నిలవకుండా పోతుంది.

## 12. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

ముందు మీటర్‌ను పెద్ద ఓమ్స్ రేంజ్‌లో పెట్టి, ట్రిగ్గర్ నొక్కి పట్టి, ప్లగ్ పిన్నులకూ ఇనుప చక్‌కూ మధ్య చూడండి. ఏ రీడింగూ రాకూడదు. వస్తే ప్లగ్ పెట్టొద్దు.

ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సిరీస్ బోర్డు (మిషన్‌కు వెళ్లే కరెంటు ఒక బల్బు గుండా పోయేలా చేసినది) దొరికితే దాని ద్వారానే మొదట కలపండి. బల్బు 100 వాట్ల పాత ఫిలమెంట్ రకం కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ట్రిగ్గర్ నొక్కకముందే బల్బు వెలిగితే వైరు దగ్గరో స్విచ్ దగ్గరో షార్టు ఉంది. నొక్కాక బల్బు వెలిగి, మోటారు మెల్లగా కదిలినా, కదలబోయినా తర్వాతి అడుగు వేయొచ్చు.

ఆ తర్వాత ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్) ఉన్న లైన్‌లో, చెప్పులు, కళ్లద్దాలు వేసుకుని, డ్రిల్ బిట్, చక్ తాళం లేకుండా, ఐదు సెకన్లు తిప్పి ఆపండి. వాసన చూడండి. బాగుంటే మధ్యస్థ వేగంలో ఐదు నుంచి పది నిమిషాలు ఊరికే తిప్పండి. కొత్త కార్బన్ల చదును ముఖం చక్రం వంపుకు సర్దుకోవాలి. మొదట్లో మెరుపులు కాస్త ఎక్కువ ఉండి, క్రమంగా తగ్గుతాయి. ఇది చేయకుండా నేరుగా గోడ మీద పెడితే కొత్త కార్బన్లు కూడా తొందరగా పోతాయి.

## 13. బిగించాక ఇలా అయితే

పది నిమిషాల తర్వాతా మెరుపులు తగ్గలేదు: కార్బన్ సైజు తేడా, లేదా గూటిలో ఇరుకు. పైన 7, 8 భాగాలు మళ్లీ చూడండి.

ఎంసీబీ (ఇంటి బోర్డులోని రక్షణ స్విచ్) పడిపోయింది: మళ్లీ ఎత్తి ప్రయత్నించకండి. ఎక్కడో వైరు నలిగింది.

వెనక్కి తిరుగుతోంది: రివర్స్ మీట చూడండి. అది సరిగ్గానే ఉంటే స్విచ్ దగ్గర వైర్లు మారాయి, ఫొటోతో సరిపోల్చండి.

గరగర శబ్దం కొత్తగా వచ్చింది: వాషర్ మిగిలిపోయింది, లేదా బేరింగ్ గాడిలో లేదు.

స్క్రూ ఒకటి మిగిలింది: తిరుగుతోంది కదా అని వదిలేయకండి. అట్టముక్క చూసి దాని చోటు కనిపెట్టి పెట్టాకే వాడండి.

రెండుసార్లు విప్పి బిగించినా బాగుకాకపోతే మీ ఫొటోలు, మీటర్ రీడింగులు రాసిన కాగితం తీసుకుని షాపుకు వెళ్లండి. ఆర్మేచర్ మార్చాలంటే దాని ధర, కొత్త మిషన్ ధర రెండూ అడిగాకే సరేననండి. బాగైతే మాత్రం కార్బన్ల సైజు, మార్చిన తేదీ మార్కర్‌తో మిషన్ పెట్టె మూత లోపల రాసి, విడిచిన పాత కార్బన్ ఒకటి అందులోనే టేపుతో అంటించి పెట్టుకోండి. వచ్చేసారి షాపులో చూపించడానికి కావాల్సింది అదే.